సుభద్రగారి ప్లేటు

ఇరవై ఏళ్ళుగా ఒక మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. మొదట్లో బరువుగానే ఉండేది. ఇప్పుడు తిమ్మిరెక్కిన కాలులా ఉంది. ఉందని తెలుస్తుంది, నాదని అనిపించదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పగలిగితే ఎప్పుడో చెప్పి ఉండేదాన్ని.

మాది రాజోలు దగ్గర, వశిష్ఠ గోదారి గట్టును ఆనుకుని ఉన్న ఊరు. మా పక్క వాటాలో రత్నంగారు ఉండేవారు. ఆయనకు మైకు సెట్ల షాపు. పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ పాటలు వేసేవారు. నేను అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని, ఆయన చెల్లెమ్మగారూ అనేవారు. ఆయన భార్య సుభద్రగారు బాగా పాడేవారు. ఓసారి ఇక్కడి భజన సమాజం వాళ్ళు మద్రాసు వెళ్ళి ఒక గ్రామఫోను రికార్డు చేయించుకున్నారు. మేం వాటిని ప్లేట్లనే అంటాం. ఆ ప్లేటులో ఒకవైపంతా సుభద్రగారి గొంతే. చేయించినవే కొద్ది. అవి ఎవరింట్లో ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఆవిడ పోయాక రత్నంగారి దగ్గర మిగిలింది ఒక్కటి.

క్యాసెట్లు వచ్చి షాపు మూతపడ్డాక ఆయన మస్కట్‌లో ఎలక్ట్రీషియన్ పనికి వెళ్ళారు. వెళ్ళేముందు ప్లేట్లన్నీ మా ఇంట్లో పెట్టారు. వంద పైనే ఉంటాయి. వాటిని ఎలా ఉంచాలో ఒక పూటంతా కూర్చుని చెప్పారు. పుస్తకాల్లా నిలబెట్టి ఉంచాలి, పడుకోబెట్టి దొంతర పెట్టకూడదు. గోడకు ఆనించకూడదు, చెమ్మ లాగుతుంది. పైన బరువు ఉండకూడదు. పట్టుకుంటే అంచులే పట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎండ తగలకూడదు. ఒక్క గంట తగిలినా అప్పడంలా వంకరపోతుందన్నారు. సుభద్రగారి ప్లేటు మాత్రం రెండు అట్టల మధ్య పెట్టి, తెల్లటి గుడ్డసంచిలో విడిగా నా చేతికిచ్చారు. దాన్ని నా బీరువాలో చీరల మధ్య నిలబెట్టాను.

మిగతావి రెండేళ్ళు ముందుగదిలో చెక్క అలమరలో సరిగ్గానే ఉన్నాయి. తరవాత మేం పెద్ద టీవీ కొన్నాం. దానికి చోటు కావాలి. అలమరను పెరటి కొట్టుగదిలోకి నెట్టించి, ప్లేట్లను డాబా మీది రేకుల గదిలోకి చేర్చాను. పడుకోబెట్టి, నాలుగు దొంతరలుగా. పైన పాత పరుపు పడేశాను. తీరిగ్గా మళ్ళీ సర్దుదామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకున్నట్టే గుర్తు.

నెలకోసారి ఆయన ఫోన్ చేసేవారు. అందరి క్షేమం అడిగాక, చివర్లో, నిలబెట్టే ఉన్నాయా అని అడిగేవారు. ఆయ్, అన్నీ అలమరలోనే నిలబెట్టి ఉన్నాయండి అనేదాన్ని. తొమ్మిదేళ్ళు ఆ మాటే అన్నాను. ఒక్కసారి కూడా మేడెక్కి చూడలేదు. అన్నిసార్లు అన్నాక నేనే నమ్మాననుకుంటాను.

ఇక మస్కట్ వెళ్ళను, ఈ వారంలోనే వచ్చేస్తున్నాను అని ఆయన చెప్పిన ఆ శ్రావణంలో గోదారికి వరద వచ్చింది. లంకలు మునిగాయి. మా వీధిలోకీ నీరు చేరింది. ఇంటి మెట్లు నాలుగు. రెండో మెట్టు దగ్గర ఆగిపోయింది. ఇంట్లోకి చుక్క రాలేదు. పెరటి కొట్టుగదిలోకి మాత్రం వచ్చింది. నీరు తీశాక మా వారు పడవ మీద లంకలవాళ్ళకు అన్నం పొట్లాలు పంచడానికి వెళ్ళారు. ఎండ బాగా కాసింది. ఆ మధ్యాహ్నం నేను డాబా ఎక్కి పరుపు తీశాను.

ఒక్కటి తిన్నగా లేదు. రేకుల వేడికీ పరుపు బరువుకీ అంచులు అలలు తిరిగిపోయాయి. నాకు ఏడుపు రాలేదు. ఆయనకేం చెప్పాలి అన్నదొక్కటే తోచింది. కొట్టుగదిలో బురద ఇంకా ఉంది. అలమర అందులోనే ఉంది.

ప్లేట్లన్నీ కిందికి మోశాను. బురదనీళ్ళలో ముంచాను. మళ్ళీ పైకి మోసి ఎండలో పరిచాను. నీళ్ళు వచ్చాయి, తడిశాయి, ఎండబెడితే వంకరపోయాయి. ఎవరడిగినా చెప్పడానికి అంతే.

అంతా అయ్యాక బీరువా గుర్తుకొచ్చింది.

గుడ్డసంచి తెల్లగా ఉంది. ప్లేటు తీసి చూశాను. తిన్నగా, నల్లగా, ఇచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. అదొక్కటి నేను బాగా చూసుకున్నాను. అది ఆయనకు ఇచ్చి ఉండొచ్చు. మిగతావి ఏమైతేనేం, అదొక్కటి చాలు ఆయనకు. కానీ అన్నీ అలమరలోనే ఉన్నాయని తొమ్మిదేళ్ళు చెప్పాను. ఇదొక్కటి పొడిగా ఎలా ఉందని అడిగితే? దీన్ని ఇంత బాగా ఉంచినదానివి వాటిని ఎందుకు ఉంచలేదని అడిగితే? ఆయన అలా అడిగే మనిషి కాదు. అది నాకప్పుడూ తెలుసు.

సంచిని బురదలో ముంచాను. ప్లేటు తీసుకెళ్ళి డాబా మీద ఎండలో పడున్న ఒక రేకు మీద పెట్టి, పక్కన నీడలో కూర్చున్నాను. కాసేపు అలాగే ఉంది. తరవాత ఒక అంచు మెల్లగా పైకి లేచింది. చెయ్యి చాపితే అందే దూరం. తియ్యలేదు. ఎందుకు తియ్యలేదని ఇన్నేళ్ళూ అడుగుతూనే ఉన్నాను, జవాబు దొరకదు, దొరికినవన్నీ నేను తరవాత కట్టుకున్నవే. రెండో అంచు కూడా లేచేదాకా కూర్చున్నాను.

నాలుగు రోజులకు ఆయన వచ్చారు. అలమర కొట్టుగదిలో ఉందని, నీళ్ళొచ్చాయని, ఎండలో పెట్టానని చెప్పాను. ఆయన సుభద్రగారి ప్లేటును రెండు అంచులూ పట్టుకుని కంటికి ఎదురుగా ఎత్తి చాలాసేపు చూశారు.

"ఎండలో పెట్టకూడదండీ చెల్లెమ్మగారూ," అన్నారు. "తడిసినా పర్లేదు. మంచినీళ్ళతో కడిగి నీడని ఆరబెడితే ఏం కాదండి."

నేను బురద మరకల గుడ్డసంచిని మడతపెట్టాను.

"నేను చెప్పలేదేమోనండి మీకు?"

ఆయన నిజంగానే అడుగుతున్నారు. నా ముఖంలోకి చూసి అడుగుతున్నారు.

"గుర్తులేదండి," అన్నాను.

"అయితే చెప్పుండను. తప్పు నాదేలెండి. వరదొచ్చి మీరు ఇబ్బందిలో ఉండి కూడా నా ప్లేట్లు చూసేరు. అది చాలండి."

మర్నాడు పొద్దున పక్క వాటాలోంచి సుభద్రగారి గొంతు వినబడింది. రెండు మాటలు పలికి ముల్లు ఎగిరిపోయేది. ఆయన మళ్ళీ పెట్టేవారు. మళ్ళీ అవే రెండు మాటలు. నేను బియ్యం ఏరుతూ విన్నాను. ఏరడం ఆపలేదు.

మా వారు ఈ సంగతి తెలియకుండానే పోయారు. రత్నంగారు ఇప్పుడు అమలాపురంలో మేనల్లుడి దగ్గర ఉంటున్నారు. ఈమధ్య కుర్రవాళ్ళకు పాత ప్లేట్ల మోజు మళ్ళీ వచ్చిందట. ఎలా దాచాలో అడగడానికి ఆయన దగ్గరికి వస్తున్నారు. పోయినేడు చూడటానికి వెళితే ఇద్దరు కూర్చుని రాసుకుంటున్నారు. ఆయన ఒక్కొక్కటే చెబుతున్నారు. నిలబెట్టి ఉంచమని, బరువు పెట్టొద్దని, చెమ్మ లేనిచోట పెట్టమని. చివర్లో నావైపు చూసి నవ్వి, ఎవరికైనా అప్పజెబితే ఎండ సంగతి మాత్రం మరిచిపోకుండా చెప్పండి, నేను మా చెల్లెమ్మగారికి చెప్పడం మరిచిపోయేనండి అన్నారు. వాళ్ళు అదీ రాసుకున్నారు. నేను కాఫీ తాగాను.

ఇప్పుడు చెబితే ఆయనకేం మిగులుతుందని అనుకుంటాను. తన మరుపే కారణం అన్న మాటతో ఆయన ఎలాగో సర్దుకున్నారు, నేను చెప్పేది దానికన్నా చెడ్డది కదా అనుకుంటాను. ఇదీ నా సాకేనా? కావచ్చు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఉన్నది ఉన్నట్టు ఒక్కసారి ఎక్కడైనా రాసి ఉండాలనిపించింది, అంతే.

ఆయన చెప్పడం మరిచిపోలేదు. నేను విన్నాను.