కుజుడికి గాజు పగడం

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా, చిలకలపూడిలో నేను పూత పెట్టిన నగలన్నీ తెల్లారేసరికి నల్లబడిపోవాలి. బంగారం కానిదాన్ని బంగారంలా మెరిపించడం నా వృత్తి. నిజం విలువ నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

పోయిన వేసవిలో గుడివాడ నుంచి ఒకాయన భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని మా దుకాణానికి వచ్చారు. చుట్టరికం లేదుగానీ, పిలుపులో బావగారే. మోపిదేవిలో పూజ చేయించుకుని తిరిగి వెళ్తున్నారు. అమ్మాయికి కుజదోషం ఉందనీ, వేలికి పగడం పెట్టాలనీ జ్యోతిష్కుడు చెప్పాడట. ఆ పిల్ల చదువు సముద్ర జీవుల మీద. పగడం పెట్టుకోనంటుంది. పెట్టుకోకపోతే, ఆ పిల్ల ఇష్టపడిన అబ్బాయి తరఫువాళ్ళని పెళ్ళిచూపులకి రావద్దని కబురుపెడతానంటారు ఈయన.

“పగడం రాయి కాదు మావయ్యా, ప్రాణులు కట్టుకున్న గూడు. సముద్రాలు వేడెక్కి పగడపు దిబ్బలు తెల్లగా పాలిపోతున్నాయి,” అంది నాతో.

“నువ్వొక్కదానివి మానేస్తే సముద్రం చల్లబడుద్దా?” అన్నారు బావగారు.

“చల్లబడదు నాన్నా. జ్వరంతో ఉన్నవాడి చెయ్యి విరగ్గొట్టకుండా ఉండొచ్చుగా.”

నేను కల్పించుకున్నాను. “జ్వరం మాట నిజమేనండీ. పాలకాయతిప్ప దగ్గర సముద్రంలో సరదాకి వేసిన నా వలలో ఓ పగడపు కొమ్మ పడింది. ముట్టుకుంటే కాలిపోతోంది. తడిగుడ్డ చుట్టి నీళ్ళలో వదిలేశాను. వెళ్తూ దణ్ణం పెట్టింది.”

“కొమ్మా?”

“దానికి చేతులకేం కొదవండీ.”

అమ్మాయి నవ్వాపుకుంది. నేను ఎర్ర గాజుపూస ఒకటి తీసి పళ్ళెంలో పెట్టాను.

“నకిలీదానికి కుజుడు ఊరుకుంటాడా?” అన్నారాయన.

“పొద్దున స్వామికి ఏం సమర్పించారు?”

“వెండి నాగపడగ.”

“నిజం పామునే ఇవ్వకపోయారా?”

బావగారి భార్య అప్పటికే కూతురి వేలు కొలతకి నా ముందుకి లాగింది. ఆ గాజు ఉంగరంతోనే పిల్ల పెళ్ళిచూపుల్లో కూర్చుంది. సంబంధం కుదిరింది. ఇప్పుడు కుజదోషం ఉన్నవాళ్ళు గుడివాడ నుంచి అదే కావాలని వస్తున్నారు.

ఇక కల్పించింది చెప్పేస్తాను. పాలకాయతిప్ప దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసేచోట అంతా బురద నీళ్ళే, అక్కడ పగడం బతకదు. అది మీరు ముందే పట్టేసి ఉంటారు కాబట్టి లెక్కలోకి రాదు. అసలు కల్పన వేరే ఉంది. పాము మాట అన్నది నేను కాదు, బావగారి భార్య. బాగుందని నేను తీసుకున్నాను.

పొద్దున వెళ్ళి చూశాను, ఒక్క నగా నల్లబడలేదు. నా పూత అంత గట్టిది.