గేటు పెద్దమ్మ మోకాలు

నిన్న పొద్దున క్లినిక్‌లో ఒక పేషెంట్ చేత ఎక్సర్‌సైజులు చేయిస్తుంటే ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా, పెద్దమ్మ పోయింది."

"ఏ పెద్దమ్మరా?" అన్నాను.

మాకు ఉన్నది ఒక్క పెద్దమ్మే. అయినా అడిగాను.

టీ తాగి గ్లాసు కింద పెట్టిందట. ఛాతీ పట్టేసినట్టుందని కోడలితో చెప్పిందట. ఆటో వచ్చేలోపే అయిపోయింది. గుండె అన్నారు.

ఈరోజు మధ్యాహ్నం సమాధి చేసి వచ్చాం. ఇంటి నిండా చుట్టాలు. అందరూ మాట్లాడుతున్నారు. నాకు మాట రావట్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

సుగుణమ్మ. మా అమ్మకి అక్క. గిద్దలూరు దగ్గర రైల్వే గేటులో పనిచేసి రిటైరైంది. మా పెదనాయన ట్రాక్ పనిలో ఉండగా జబ్బు చేసి చనిపోతే ఆ ఉద్యోగం ఆమెకి ఇచ్చారు. చదివింది ఏడో తరగతి.

స్టేషన్ నుంచి ఫోన్ రాగానే హ్యాండిల్ తిప్పి గేటు దించాలి. బండి మొత్తం దాటేదాకా జెండా పట్టుకుని నిలబడాలి. మళ్లీ తిప్పి గేటు లేపాలి. ఎండైనా వానైనా అంతే. గేటు దగ్గర మేకల మందలు ఆగిపోయేవి. కాపరులు తొందరపడేవాళ్లు.

"రెండు నిమిషాలు ఆగు నాయనా. నీ మేకలకి తెలవదు, నీకన్నా తెలవాల గదా," అనేది.

ఒకసారి గూడ్స్ బండి పోతుంటే మధ్యలో ఒక వ్యాగన్ చక్రం దగ్గర సన్నగా పొగ కనపడింది ఆమెకి. వెంటనే ఎర్రజెండా ఎత్తి వెనక ఉన్న గార్డుకి చూపించింది. బండి ఆగింది. ఇరుసు ఎర్రగా కాలిపోయి ఉందట. ఇంకొంచెం దూరం పోతే విరిగేదన్నారు. దానికి ఇచ్చిన సర్టిఫికెట్‌ని బైబిల్‌లో దాచుకుంది.

ఇక నేను చెప్పాల్సింది చెప్తాను.

నేను ఫిజియోథెరపీ పాసై మార్కాపురంలో కొత్తగా చేరిన రోజులు. పెద్దమ్మ కుడి మోకాలు పట్టుకుని నా దగ్గరకే వచ్చింది. సొంత బిడ్డ దగ్గరికి వచ్చినట్టు.

నేను ఎక్స్‌రే చూశాను. కాలు చూడలేదు.

"గుజ్జు అరిగిపోయింది పెద్దమ్మా. వయసు అంతే. నొప్పి ఎక్కువైనప్పుడు ఒక టాబ్లెట్ వేసుకో," అన్నాను.

ఆమె చీర కొంచెం పైకి జరిపి రెండు మోకాళ్లూ చూపించింది.

"అరిగితే నొప్పి పుట్టాల. వేడెందుకు పుడతాది పాపా? ఈ కాలు పట్టుకో, ఆ కాలు పట్టుకో. అరిగిన చక్రం చప్పుడు చేస్తాది, అంతే. వేడెక్కిందంటే లోపల ఇంకేదో జరగతా ఉన్నట్టు. అట్లాంటి బండిని మేము పోనియ్యం."

నేను నవ్వాను. "నువ్వేమన్నా గూడ్స్ బండివా పెద్దమ్మా?"

ఆమె కూడా నవ్వింది. టాబ్లెట్ పేరు రాయించుకుని వెళ్లిపోయింది.

రెండేళ్లు. రెండేళ్లు ఆ టాబ్లెట్లతోనే డ్యూటీ చేసింది. పొద్దున లేస్తే మోకాలు బిగుసుకుపోయేదట. గోడ పట్టుకుని కాసేపు నిలబడితే గానీ అడుగు పడేది కాదట. చర్చిలో అందరూ మోకరిస్తే తను వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో తల దించుకుని కూర్చునేది. సిగ్గుపడేది. ఇవన్నీ నాకు తర్వాత పెద్దమ్మ కోడలు, మా వదిన చెప్పింది.

తమ్ముడి పెళ్లిలో చూశాను. మెట్టు ఎక్కలేక ఆగిపోయింది. దగ్గరికి వెళ్లి మోకాలు పట్టుకున్నాను. మొదటిసారి.

ఉబ్బి ఉంది. చేతికి వేడి తగిలింది.

వారం లోపల ఒంగోలు తీసుకెళ్లాను, కీళ్ల డాక్టర్ దగ్గరికి. ఆయన ఎక్స్‌రే పక్కన పెట్టి ముందు మోకాలి మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు.

"అరుగుదల నిజమే. కానీ అదొక్కటే కాదు," అన్నాడు. అరిగిన ముక్కలు లోపలి పొరకి తగిలి ఆ పొర రేగుతుందట. వాస్తుంది, నీరు పడుతుంది, వేడెక్కుతుంది. ఆ వాపే మళ్లీ మిగిలిన గుజ్జుని తినేస్తుందట. అందరికీ ఇంతగా ఉండదు, ఈమెకి ఉంది అన్నాడు.

నేను పుస్తకంలో చదివిందే. పరీక్షలో రాసిందే.

పెద్దమ్మ నా వైపు చూడలేదు. నేను ఇబ్బంది పడతానని కావాలనే కిటికీ వైపు చూసింది.

నీరు తీశారు. ఇంజెక్షన్ ఇచ్చారు. ఎక్సర్‌సైజులు నేనే చేయించాను, వారానికి రెండుసార్లు బస్సెక్కి వెళ్లి. బరువు తగ్గింది. కింద కూర్చోవడం మానేసింది. పూర్తిగా తగ్గలేదు. పోయిన గుజ్జు తిరిగి రాలేదు. కానీ రిటైరయ్యేదాకా తన కాళ్ల మీదే నిలబడింది.

నిన్నటి నుంచి ఒక్కటే ఆలోచన. నొప్పి టాబ్లెట్లు ఎక్కువకాలం వాడితే గుండెకి మంచిది కాదంటారు. ఆ రెండేళ్ల టాబ్లెట్లు ఆమె గుండెని ఏమైనా చేశాయా?

మా క్లినిక్ డాక్టర్‌ని అడిగాను. అన్నేళ్ల కిందటి వాటికీ దీనికీ ముడిపెట్టలేం అన్నాడు. కాదని మాత్రం అనలేదు.

పోయిన నెల వెళ్లినప్పుడు ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న మాట చెప్పాను. ఆ రోజు నీ మాట వినలేదు, నవ్వాను, క్షమించు పెద్దమ్మా అన్నాను.

ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. చేతులు ఆపలేదు.

"తెలవక చెప్పినావు. తెలిసినాక తీసకపోయినావు. ఇంకేంది? అన్నం తిని పో."

తిన్నాను. బస్సు టైమైందని గబగబా తిన్నాను. ఇంకాసేపు కూర్చోవాల్సింది.

పోయి రా పెద్దమ్మా.
ఇంక నిలబడే డ్యూటీ లేదు నీకు. ప్రభువు దగ్గర నెమ్మదిగా కూర్చో.