గాజు కంటికి బొట్టు

2018లో రథసప్తమి మర్నాడు, గురువారం, పొద్దున్న సరిగ్గా పది గంటల ఇరవై నిమిషాలకు, మబ్బు తునకైనా లేని ఆకాశం కింద, నడి సముద్రంలో నేను సూర్యుణ్ణి ఆర్పేశాను. నమ్మరా? సూర్యుడికి దివిటీ పట్టినవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. సూర్యుడికి గంతలు కట్టినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

సుజాత అని పాతపట్నం వైపు రైతుల పిల్ల. పెద్ద చదువు చదువుతోంది, దానికో పుస్తకం రాసివ్వాలట. సముద్రం మీద ఎంత ఎండ పడుతోందో పైనుంచి శాటిలైటు చూసి చెబుతుందట. అది నిజమో కాదో తేలాలంటే, ఆ శాటిలైటు మన నెత్తిమీదుగా పోయే వేళకే కింద నీటిమీద ఎండ కొలవాలి. అందుకో పరికరం తెచ్చింది. పొడుగాటి గొట్టం చివర నిమ్మచెక్కంత గాజు బుడిపె. అదే ఎండను చూసే కన్ను. దాని తీగ పెట్టెలోకి పోతుంది, పెట్టెలో అంకెలు పడతాయి.

నా పడవలో మూడుసార్లు వెళ్ళాం. ఒకసారి మబ్బు, ఒకసారి మంచు, ఒకసారి గాలి. ఇది నాలుగోది, ఆఖరిది. మర్నాడు ఆ పరికరం వేరేవాళ్ళకి ఇచ్చెయ్యాలి.

"ఈ ఒక్క రోజు దొరికితే నా పుస్తకం పూర్తవుతాది మావయ్యా."

"అయిపోయినట్టే అనుకో పాపా. నా పడవెక్కినోళ్ళెవులూ ఒట్టి సేతుల్తో దిగలేదు."

అప్పటికి నా నోటికి అరవై ఏళ్ళు. బుద్ధికి ఆరు.

మెట్ట పిల్లకి సముద్రం పడలేదు. ఒడ్డు దాటగానే వాంతులు. పైగా ఎండలో అంకెలు కనబడవని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని దుప్పటి ముసుగేసుకుంది. ఆజ్ఞలన్నీ ముసుగులోంచే.

"పది ఇరవైకి మూత తీసి, మెత్తటి గుడ్డతో గాజు తుడువు మావయ్యా. గొట్టం పడవ బయటికి తిప్పు. నీ నీడ పడకూడదు."

మూత తీశాను, తుడిచాను. గాజు కన్ను బోసిగా నాకేసి చూసింది. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

మా వాడలో కొత్త వలైనా, కొత్త మోటారైనా బొట్టు లేకుండా సముద్రం మొహం చూడదు. దీనికెవరు పెట్టారు? మూడుసార్లు పని చెడిందంటే చెడదూ మరి! ముందురోజే అరసవల్లిలో వరసలో నిలబడి తెచ్చిన కుంకం పొట్లం మొల్లో ఉంది. సూర్యుణ్ణి చూసే కంటికి సూర్యుడి కుంకం! గాజుమీద నిలవాలని నా తలనూనె వేలికి రాసుకుని, బుడిపె నడినెత్తిన రూపాయి బిళ్ళంత దిద్దాను.

చుక్కాని దగ్గర మా బావ దానయ్య చూశాడు. "ఒరే ఎర్రయ్యా, ఆ పాపనడిగే ఎట్టినావేటిరా?"

"బొట్టెట్టడానికి అడిగేదేటి బావా? నువ్వు సుక్కాని సూసుకో."

గొట్టం బయటికి తిప్పాను. ముసుగులోంచి కేక.

"మావయ్యా, మబ్బొచ్చిందా?"

"మబ్బా? ఆకాశం తోమిన గిన్నెలాగున్నాది!"

"మరి అంకె సగానికి పడిపోయిందేటి? నీ నీడ గాని పడతన్నాదా?"

"నా నీడ నాకే కనబడకుండా కూకున్నాను."

"తీగ సూడు."

"గట్టిగున్నాది. ఆ పైనున్న శాటిలైటే తప్పు సెప్తన్నాదేమో పాపా! అంత దూరం నుంచి దానికేటి కనిపిస్తాది?"

దానయ్య దగ్గాడు. "సెప్పీరా."

నిజానికి అది నా బొట్టు పనేనని నాకు అప్పటికే తెలిసిపోయింది. శాటిలైటు మా నెత్తిమీంచి దాటిపోడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. ఒక్క మాట, ఒక్క తుడుపు, పిల్ల పని అయిపోయేది. మీసం అడ్డొచ్చింది. గొట్టం అలాగే పట్టుకు కూచున్నాను.

పదిన్నరకి దుప్పటి విసిరేసి, పాక్కుంటూ వచ్చి గొట్టం లోపలికి లాగింది. ఎండలో గాజు అమ్మవారిలా మెరుస్తోంది.

"ఇదెవరు పెట్టారు మావయ్యా?"

దానయ్య ఆకాశం చూశాడు. ఒక చేప ఎగిరి నీట్లో పడింది. ఆ క్షణాన పారిపోగలిగింది అదొక్కటే.

"నేనేనమ్మా. ఇప్పుడు తుడిసీనా?"

"శాటిలైటు ఎల్లిపోయింది మావయ్యా."

తిట్టినా బాగుండును. చున్నీతో గాజు తుడిచింది. వేలికంటిన కుంకం నుదుట రాసుకుంది. అప్పుడు ఏడ్చింది. తర్వాత అంకెలు రాసుకునే నోటుబుక్కు నా ముందుకు తోసింది. ప్రతి అంకె పక్కనా కారణం రాయాలట. "పెట్టింది నువ్వు, నువ్వే రాయి."

యాభై అయిదో ఏట అక్షరాలు దిద్దినవాణ్ణి. సంతకం తప్ప ఎవరికీ ఏదీ రాసివ్వలేదు. తొలిసారి రాశాను: "మబ్బు లేదు. బొట్టు నేను పెట్టేను. తెలిసీ చెప్పలేదు."

గోరంత దీపం కొండంత వెలుగంటారు. నా గోరంత బొట్టు కొండంత సూర్యుణ్ణి మింగింది. ఆ పిల్ల పుస్తకం ఏడాది వెనకబడింది. అది కూడా వేరేవాళ్ళ పడవలో పూర్తయింది.

అందుచేత అరసవల్లి దేవుడి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక గాజన్న దానికి బొట్టు పెట్టను, నా కళ్ళజోడుకైనా సరే. పొరపాటున పెడితే, నాలుగు నిమిషాలు గడవకముందే చెప్పేస్తాను.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: ముసుగులో సుజాత, చుక్కాని దగ్గర దానయ్య, గొట్టం దగ్గర ఎర్రయ్యనే నేను, నెత్తిమీద సూర్యనారాయణమూర్తి. ఆ పైన శాటిలైటు. తప్పు చెబుతోందని దాన్ని ఆడిపోసుకున్నాను గానీ, ఆ పూట అబద్ధమాడింది అది కాదు.