బస్టాండు ముందు నా ఫ్లెక్సీ

గంజాయిలోని పదార్థాల్లాంటివి మన ఒంట్లోనూ తయారవుతాయి. అవి వాపును ఎలా తగ్గిస్తాయో ఎలుకల మీద పరిశీలించి నేను ఫార్మకాలజీలో డాక్టరేట్ తెచ్చుకున్నాను. ఆ సంబరంలో మా బాబాయి వినుకొండ బస్టాండు ముందు ఫ్లెక్సీ కట్టించాడు. ఆయన ఫొటో పెద్దది, నాది చిన్నది. కింద ‘కీళ్లవాపుకు మందు కనిపెట్టిన మా అమ్మాయి’ అని రాయించాడు!

నేను బస్సు దిగి అది చదువుతుండగానే, క్వారీలో పనిచేసే మా వీధి మంగమ్మత్త ఎదురొచ్చింది. ఆమె వేళ్లు వాచిపోయి ఉన్నాయి.

“నీ మందు వస్తదని డాక్టరిచ్చిన బిళ్లలు మానేశానమ్మా. ఏదీ, తెచ్చావా?”

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే బాబాయికి ఫోన్ చేసి, “నేను మందు కనిపెట్టానని నీకెవరు చెప్పారు?” అని అరిచాను.

“ఎలకలకి తగ్గిందన్నావుగా, మనుషులకి తగ్గదా ఏంది? అయినా ఫ్లెక్సీ మీద ఎలకలని రాస్తే ఏం బాగుంటది?”

ఫోన్ పెట్టేసి, పండ్లబండి దగ్గర కత్తి అడిగి తీసుకుని ఫ్లెక్సీ తాళ్లు తెగ్గోశాను. మంగమ్మత్తను ఆటోలో ఆమె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, మాత్రలు మళ్లీ మొదలుపెట్టించాను. దారంతా ఆమె ఆ ఫ్లెక్సీని మడిచి ఒళ్లోనే పెట్టుకుంది.

“ఇల్లు కురుస్తందమ్మా, పైన కప్పుకుంటా” అంది.

మందు వస్తుందో రాదో నాకే తెలియదు. ఇప్పటికైతే నా చదువు ఆమెకు అక్కరకొచ్చేది వాన పడినప్పుడే.