సైగ లేని గొంతు

మా గ్రంథాలయం వెనుకగదిలో శనివారాలు కొందరు తల్లులు పిల్లలతో సమావేశమయ్యేవారు. ఆ పిల్లలకు డిస్లెక్సియా. తెలివికి లోటు లేదు. కాగితం మీది అక్షరాలే వారి కంటికి కుదురుగా నిలవవు. వింటే మాత్రం ఇట్టే గ్రహిస్తారు. పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించే మనిషికి అనుమతి కోసం ఆ తల్లులు రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి, చివరకు సాధించారు. చదవడానికి ముందుకు వచ్చినది వీధికంతటికీ పెద్దమ్మ అయిన విశ్రాంత టెలిఫోను ఆపరేటరు.

టెలిగ్రాములను ఫోనులో చదివి వినిపించడం ముప్పయ్యేళ్లు ఆమె ఉద్యోగం. మరణవార్తకూ జననవార్తకూ ఆమె గొంతు ఒక్కటే. ఇప్పుడు సాధన కోసం ఆమె గోడవైపు తిరిగి ప్రశ్నలు చదువుతుంటే తల్లులు కళ్లు మూసుకొని వినేవారు. సరైన జవాబు దగ్గర గొంతు వెంట్రుకవాసి ఆగినా, మళ్లీ మొదటినుంచి చదివించేవారు.

ఆ ఏడు నర్సింగు నేర్చుకొంటున్న ఒక పిల్లకు పెద్దమ్మ చదివి వినిపించిన పరీక్షలో వందకు తొంభై ఆరు వచ్చాయి. పరీక్షల అధికారి అనుమానించి, ఫలితం నిలిపివేసి అందరినీ పిలిపించాడు. అది రద్దయితే పిల్లకు మరో అవకాశం లేదు. గ్రంథపాలకుడిగా నేనూ వెంట వెళ్లాను.

"చదవడమే రాని పిల్లకి తొంభై ఆరా? మా చెవిలో పువ్వులు పెడుతున్నారా? ఈవిడ గొంతుతో సైగ చేసి ఉంటుంది," అన్నాడు అధికారి.

పిల్ల తల్లి ఊరుకోలేదు. "కళ్లజోడు పెట్టుకుని రాసినవాళ్ల మార్కులు కళ్లజోడుకే వేస్తారా సార్?"

"ఉండమ్మా," అన్నది పెద్దమ్మ. "బాబూ, మీలో ఎవరికీ తెలియని పాఠం ఏదైనా తియ్యండి. జవాబులు నాకు మాత్రం చూపించండి. నేను చదువుతా. నా గొంతును బట్టి సరైన జవాబులేవో రాయండి చూద్దాం."

గుమాస్తా ఒకడు బాయిలరు పనివారి ప్రశ్నపత్రంలో జవాబులు గుర్తుపెట్టి ఆమెకిచ్చాడు. అధికారితో సహా ఏడుగురు చెవులు రిక్కించి కూర్చున్నారు. ప్రశ్నకు నాలుగేసి జవాబులు, ఇరవై ప్రశ్నలు. నిలిచిన నీటిలాంటి ఆ స్వరంలో ఎక్కడా చిన్న అలైనా లేవలేదు. వారు రాసినవి సరిచూస్తే ఎవరికీ ఆరు దాటలేదు, అధికారికి నాలుగు.

గుమాస్తా నోరు తెరిచాడు. "మా ఆవిడ గొంతులో కోపం గుమ్మం బయటే తెలిసిపోతుంది పెద్దమ్మా! మీరసలు మనిషేనా?"

"ఇంట్లో అరిస్తే వీధి చివరికి వినబడుతుంది నాయనా. ఇది పని గొంతు."

అధికారి నవ్వలేదు. నాలుగు మార్కుల తన కాగితాన్ని పిల్ల ఫైలులోనే పెట్టించాడు.

వారానికి ఉత్తర్వు వచ్చింది. పిల్ల దానిని పెద్దమ్మకు అందించింది. "నువ్వే చదువు పెద్దమ్మా."

"ముందు మంచో చెడో ఒక్క ముక్క చెప్పు వదినా, చంపకు!" అన్నది తల్లి.

"వరసలో చదవనీ."

సంఖ్య, తేదీ, విచారణ వివరం, అన్నీ ఆ గొంతుతోనే. మేము ఆమె ముఖం చూశాము. అక్కడా ఏమీ దొరకలేదు. "సదరు అభ్యర్థిని ఫలితమును" అన్నంతవరకూ మాకు దారి తెలియలేదు.

"యథాతథముగా ఖరారు చేయడమైనది. ఇకమీదట ఇట్టి అభ్యర్థులందరికీ చదివి వినిపించు వ్యక్తిని ఈ కార్యాలయమే నియమించవలెను."

పిల్ల ఒక్క ఉదుటున ఆమెను చుట్టేసి ఏడ్చింది. పెద్దమ్మ ఆ కౌగిలిలోనే ఉండి, కింది సంతకం, హోదా వరకు అదే గొంతుతో చదివి ముగించింది.