క్నూట్ రోజు దాకా నిలిచిన కప్పు

1958 జనవరి 13, క్నూట్ రోజు సాయంత్రానికి మా చెల్లెలు ఆల్ఫిల్డ్ కట్టిన శొంఠి బిస్కెట్ల ఇల్లు కప్పు కూలకుండా నిలబడి ఉంది. అప్పటికి ఆమెకు పదకొండేళ్లు. అంతకుముందు మా స్కార్వే ద్వీపంలో ఏ వంటింట్లోనూ అలాంటి ఇల్లు క్రిస్మస్ నుంచి క్నూట్ రోజు దాకా నిలిచిందని నేను వినలేదు. అన్నను కాబట్టి గొప్పలు పోతున్నానని అనుకోవద్దు. ఎవరినీ ఊరికే మెచ్చుకోని మా పాస్టరు గారి భార్య కూడా వచ్చి చూసి, తల ఊపి వెళ్లింది.

క్రిస్మస్ పండగలకు ముగింపైన క్నూట్ రోజున క్రిస్మస్ చెట్టును బయటికి గెంటేముందు పిల్లలు దాని కొమ్మలకు వేలాడే మిఠాయిలన్నీ దోచుకుంటారు. తర్వాత బిస్కెట్ల ఇంటిని పగలగొట్టుకుని తింటారు. అంత పండగా ఆ పగలగొట్టడంలోనే ఉంది. ముందే కూలిపోయిన ఇంటిని ఎవరూ పగలగొట్టలేరు కదా. ఏడుస్తూ ముక్కలు ఏరుకుని తినడమే.

ఆల్ఫిల్డ్ అలా రెండేళ్లు ఏడ్చింది. మా వంటింట్లో పొయ్యి మీద ఎప్పుడూ చేపల పులుసు ఉడుకుతూ ఉండేది. పైన తాడుకు నాన్న తడి మేజోళ్లు, మా చేతి తొడుగులు ఆరుతుండేవి. కిటికీ బయట సముద్రం. అలాంటి చోట బిస్కెట్టుకు నెమ్ము ఎక్కకుండా ఎలా ఉంటుంది? మొదటి ఏడు క్రిస్మస్ వెళ్లీ వెళ్లకముందే కప్పు ముసలి గుర్రం నడుములా జారింది. రెండో ఏడు నా సలహా విన్నది. నేను అప్పుడే ఊరి బడి ముగించి పడవలు కట్టే షెడ్డులో పనికి చేరాను. ప్రపంచంలో నాకు తెలియనిది లేదనుకునే వయసు. కప్పు వాలు ఎక్కువ చేస్తే బరువు గోడల మీదికి దిగుతుందని నచ్చజెప్పాను. కప్పు బరువంతా దిగింది, కప్పుతో సహా. కొత్త పడవను నీళ్లలోకి వదిలినట్టు బల్ల మీదికి జారి రెండు ముక్కలైంది.

"పొట్టలోకి పోయేదానికి ఇన్ని కొలతలేంటే," అని విసుక్కుంది మా అమ్మ హుల్డా. "రేపు నువ్వు కాపరం చేసే ఇల్లు కూడా ఎవడూ ఇంత జాగ్రత్తగా కట్టడు."

మూడో ఏడు ఆల్ఫిల్డ్ నన్ను ఏమీ అడగలేదు. అమ్మను ఒక్కటే అడిగింది, డబ్బాలో పోసిన రస్కులు ఎండాకాలం దాకా కరకరలాడుతూ ఎందుకుంటాయని. రెండుసార్లు కాలుస్తాం కాబట్టి అని అమ్మ ఏదో ధ్యాసలో చెప్పింది. అంతే. ఆ ఏడు రొట్టెలు దింపేశాక, వేడి తగ్గుతున్న పొయ్యిలో గోడలనూ కప్పునూ మళ్లీ పెట్టి, పలకలా గట్టిపడేదాకా వదిలేసింది. అంచులు చక్కెర పాకంలో ముంచి అతికించింది. ఆ పాకం వేలికి తగిలి బొబ్బ లేచినా నోరు మెదపలేదు. మెదిపితే అమ్మ పని ఆపించేస్తుందని భయం.

క్నూట్ రోజు నాన్న పిడికిలితో కొట్టాడు. ఇల్లు చెక్కు చెదరలేదు. మా నాన్న ఆన్స్‌గార్ గ్రానైటు క్వారీలో రాళ్లు కొట్టే మనిషి. పిడికిలిని ఒకసారి, ఇంటిని ఒకసారి చూసుకుని, లోపలికి వెళ్లి సుత్తి తెచ్చాడు. "ఈ పిల్లని నాతో క్వారీకి పంపెయ్ హుల్డా," అన్నాడు. ఆ గోడలు పాలలో నానబెట్టుకుని వారం రోజులు తిన్నాం. శొంఠి, లవంగం, దాల్చినచెక్క కలిసిన ఆ పాల రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది. తర్వాతి ఏళ్లలో రెండోసారి ఎంతసేపు కాల్చాలో ఆమెకు చేయి తిరిగింది. పళ్లకు పని తగ్గింది.

పెద్దయ్యాక ఆల్ఫిల్డ్ సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసింది. అది మూతపడ్డాక పిల్లల బడి వంటింట్లో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉంది. ఓడలకు దారి చూపే పైలట్ పడవ నడిపే ఈవార్‌ను పెళ్లి చేసుకుంది. అతను పోయి చాలా ఏళ్లయింది గానీ మంచివాడు, తీపి ఇష్టం లేని ఒక్క లోపం తప్ప. పిల్లలు పుట్టలేదు. పుట్టలేదని ఎవరైనా నిట్టూరిస్తే, క్రిస్మస్‌కు నాలుగు వారాల ముందు, అడ్వెంట్ మొదటి ఆదివారం తన ఇంటికి వచ్చి చూడమనేది. ఆ రోజు ద్వీపంలో పిల్లలున్న ప్రతి కుటుంబమూ ఆమె వంటింట్లోనే ఉండేది. ఒక మూల తండ్రులు ఎర్ర కాగితం, తెల్ల కాగితం మడిచి, పట్టీలుగా కత్తిరించి, ఒకదానిలో ఒకటి దూర్చి హృదయాకారపు బుట్టలు అల్లేవారు. చేపల వలలు అల్లే చేతులకు అది తేలికని వచ్చి, చిరిగిన కాగితంతో దిక్కులు చూసేవారు. ఇంకో మూల పిల్లలు పలచని రంగు కాగితం అంచులకు కుచ్చులు కత్తిరించి, మధ్యలో మిఠాయి పెట్టి, రెండు వైపులా మెలిపెట్టి చెట్టుకు కట్టే పొట్లాలు చేసేవారు. పొయ్యి దగ్గర మాత్రం ఆల్ఫిల్డ్ ఒక్కతే. మీగడ, చక్కెర, బెల్లంలాంటి నల్లటి సిరప్ కలిపి మరగబెట్టి, చల్లటి నీళ్లలో ఒక చుక్క వేసి చూసేది. వేళ్ల మధ్య మెత్తటి ఉండ కట్టాలి. కట్టగానే, "గిన్నెలు," అనేది. అంతే, చిన్న చిన్న కాగితం గిన్నెలు పట్టుకుని పిల్లలంతా వరస కట్టేవాళ్లు. ఆ మాట తప్ప పొయ్యి దగ్గర ఆమె నోట ఇంకో మాట వినలేదు.

ఆమె సాధించినవి చెప్పాలంటే చాలా ఉన్నాయి. చర్చిని గంటల గోపురంతో సహా కట్టింది. దీపస్తంభం కట్టి, కరిగించిన చక్కెరతో దాని గాజు చేసి, లోపల దీపం వెలుగుతున్నట్టే చేసింది. తుఫానుకు కరెంటు పోయిన ఏడు, బడి వంటింటి పొయ్యి పనిచేయకపోతే, మా షెడ్డులో తారు కాచే పొయ్యి మీద గోడలు కాల్చింది. ఆ ఇంటికి కాస్త తారు వాసన ఉండేది. పడవలవాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు.

ప్రతి ఏడూ ద్వీపంలోని ఏదో ఒక ఇంటిని అచ్చంగా కట్టేది. ఏ ఇల్లో ఆ ఇంటివాళ్లే క్నూట్ రోజున మొదటి దెబ్బ కొట్టాలి. ఆ నియమం ఆమె పెట్టిందే. అలా మా ద్వీపంలో సొంత ఇంటిని సుత్తితో కొట్టనివాళ్లు లేరు, మేము తప్ప. మన ఇల్లు ఎప్పుడు కడతావని నేను అడిగినప్పుడల్లా, పగలగొట్టడానికి మనసు రాదని దాటేసేది. అమ్మ పోయాక ఆ ఇంటిని గోథెన్‌బర్గ్ పట్నంవాళ్లు ఎండాకాలం విడిదికి కొన్నారు. పోయిన శరదృతువులో దాన్ని పడగొట్టి, పెద్ద అద్దాల ఇల్లు కట్టడం మొదలుపెట్టారు. రేవులో నిలబడి చూశాం. ఇంటికి తిరిగి వస్తూ ఆల్ఫిల్డ్, "ఇక కట్టొచ్చులే అన్నయ్యా," అంది.

అలా ఈ క్రిస్మస్‌కు మా ఇల్లు మళ్లీ లేచింది, ఊరి సమాజం హాల్లో, బల్ల మీద. వంటింటి కిటికీ గుమ్మానికి ఎడమనా కుడినా అని ఇద్దరం మూడు సాయంత్రాలు పోట్లాడుకున్నాం. తనే గెలిచింది. కిటికీకి చక్కెర గాజు పెట్టింది. మెట్టు మీద నాన్న బూట్లు కూడా పెట్టింది, నల్లటి మిఠాయితో చేసి.

క్రిస్మస్ తర్వాత రేవు మీద మంచుకు కాలు జారి పడింది. చేతిలో హృదయాల బుట్ట ఉంది. బుట్టను వదల్లేదు, తుంటి విరిగింది. హెలికాప్టర్‌లో ఉద్దేవాల్లా ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆపరేషన్ అయ్యాక ఆమె అడిగిన మొదటి మాట ఇంటి గురించి. క్నూట్ రోజుకు వస్తాను, అప్పటిదాకా కప్పు నిలబెట్టు, అంది. సరేనన్నాను.

జనవరి ఆరున, ఎపిఫనీ పండగ రోజున హాల్లో అందరికీ కాఫీ. మా వాళ్లకు కాఫీ లేకుండా ఏ దినమూ జరగదు. పెద్ద రాగి కాఫీ పాత్రను ఎప్పుడూ పెట్టే బల్ల మీదే పెట్టారు. ఈసారి ఆ బల్ల మీద మా ఇల్లు ఉందని గుర్తొచ్చేసరికి అరగంట ఆవిరి కొట్టింది. సముద్రం వైపు కప్పు మెత్తబడి, మధ్యలో కుంగింది. చిన్నప్పుడు చూసిన ఆ ముసలి గుర్రం నడుమే. అదే సమయంలో సమాజం కార్యదర్శి మాలిన్, బడి మొదలవుతుంది కాబట్టి ఈసారి పండగ శనివారానికి మార్చుకుందామా అని అడిగింది. తప్పేం లేదు, ఆమెకూ ఆరేళ్ల కూతురు టిల్డా ఉంది. కానీ శనివారానికల్లా ఆల్ఫిల్డ్‌ను ఆసుపత్రి నుంచి పంపరు.

ఆసుపత్రికి ఫోన్ చేశాను.

"ఏమైందో చెప్పు. నీ గొంతు బాలేదు," అంది.

"సముద్రం వైపు కప్పు కాస్త వంగింది. కాఫీ ఆవిరి."

"నా ఇంటి పక్కన కాఫీ కాచారా?"

"మన ఇంటి పక్కన."

లోపల చిన్న పైన్ చెక్క దిమ్మ నిలబెడతాను, ఎవరికీ కనపడదు, పడవలకు ఎన్ని ఊతాలు పెట్టలేదు నేను, అన్నాను.

"అన్నయ్యా, ఆ ఇంట్లో తినలేనిదేదీ ఉండదు. ఒక్క ఏడూ లేదు. చెక్క పెట్టావంటే నేను రాను."

"మరి దేంతో పెట్టను?"

"కాల్చు."

"నేనా?"

"పొయ్యి ఎక్కడుందో తెలుసుగా. యాభై ఏళ్లుగా దాని ముందు కూర్చునే తింటున్నావు."

ఇంటిని మెల్లగా ఆమె వంటింటికి మోయించాను. బర్చ్ చెట్టు కట్టెలతో పొయ్యి వెలిగించి, దూరంగా షెల్ఫు మీద పెట్టి, కిటికీ ఒక వేలి సందు తెరిచాను. అది కూడా ఆమె చెప్పినదే. పిండి కలిపింది మాలిన్. దాంతో ఊతం కోసింది నేను. పడవ పక్కటెముకలా కాస్త వంపు పెట్టి కోస్తే బరువు బాగా ఆగుతుంది. టిల్డా బల్ల అంచున గడ్డం ఆనించి చూసి, "తాతా, ఇల్లు అన్నావు, పడవ చేస్తున్నావే," అంది. కప్పుకు అదే మంచిదని చెప్పాను. ఒక్కోదాన్ని రెండుసార్లు కాల్చాం. మొదటిది మాడింది, దాన్ని టిల్డా తినేసింది. రెండోది పలకలా వచ్చింది. గుమ్మంలోంచి దూర్చి, పాకంతో అతికించి, కప్పును వేలితో మెల్లగా పైకెత్తాను. నిలిచింది. నా జీవితంలో చాలా పడవలు నీళ్లలోకి దింపాను, వాటిలో ఒకటి ఇంకా నార్వే తీరంలో తిరుగుతోంది. కానీ ఏ పడవ కిందికీ ఇలా పదిసార్లు వంగి చూసుకోలేదు.

మాలిన్ చేతులు తుడుచుకుంటూ చాలాసేపు ఇంటిని చూస్తూ కూర్చుంది. తన చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ ఇంటిని ఆల్ఫిల్డ్ బిస్కెట్లతో కట్టిన ఏడు ఆమెకు గుర్తొచ్చింది. ఒకే సుత్తి మీద అమ్మమ్మ చేయి, దాని మీద తన చేయి. ఆ దెబ్బ శబ్దం ఇప్పటికీ వినిపిస్తుందట.

"శనివారం వద్దులే టోర్వాల్డ్ తాతా," అంది. "ఆ ఇంటివాళ్లు లేకుండా కొడితే, అది బిస్కెట్లు విరగ్గొట్టడమే అవుతుంది."

అందుకని క్నూట్ రోజునే, బడి వదిలాక, చీకటి పడుతున్నప్పుడు పండగ. నాన్న సుత్తి పిడికి నేనే కొత్త చెక్క వేశాను. మెట్లు మూడు ఎక్కి దిగితే పంపిస్తామన్నారట ఆసుపత్రివాళ్లు. నిన్న ఎక్కిందట, కానీ దిగనంటోందని నర్సు నవ్వింది. ఈరోజు దిగింది. కప్పు ఇంకా నిలిచే ఉంది, ప్రతి పొద్దునా వేలితో తట్టి చూస్తున్నాను. ఆమె ఎక్కే ఫెర్రీ మా రేవుకు చేరేది సోమవారం మధ్యాహ్నం, జనవరి 13.