రైలుకి ఒక టికెట్టు

పోయిన వారం మా పెద్దమ్మాయి నా ఫోనులో రైలు టికెట్లు కొనే యాప్ ఒకటి వేసిపెట్టింది. తాడేపల్లిగూడెంలో మా తోడల్లుడి మనవరాలి నిఖా ఉంది, ఈ మోకాళ్లతో ఏలూరు స్టేషనులో క్యూలో ఎక్కడ నిలబడతారని దాని బాధ. నేను కాసేపు వద్దన్నాను, కాసేపు సణిగాను, ఆఖరికి కళ్లజోడు తగిలించుకుని దాని పక్కన కూర్చున్నాను. ఊరి పేరులో రెండు మూడు అక్షరాలు కొడితే చాలు, మిగతాది అదే చూపిస్తుందట. చూపించింది కూడా, ఏలూరు చూపించింది, గూడెం చూపించింది, జన్మలో నేను పోని ఊళ్లెన్నో చూపించింది. అమ్మాయి టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే నేను గుట్టుగా ఇంకో పేరు కొట్టాను. కొన్నేళ్లపాటు ప్రతి పొద్దునా కిటికీ తెరిచి, ఆ పేరు అచ్చువేసిన అట్ట టికెట్లు అమ్మిన నా హాల్టు పేరు. అలాంటి స్టేషను లేదని వచ్చింది. అక్షరం తప్పు పడిందేమోనని మళ్లీ కొట్టాను, మళ్లీ లేదనే వచ్చింది. టీ చల్లారిపోయిందని అమ్మాయి కేకలేసేదాకా ఫోను అలాగే పట్టుకుని కూర్చున్నాను.

మాది ఏలూరులో తివాచీలు నేసిన కుటుంబం. మా నాన్న చేతిలో మగ్గం ఆడినన్నాళ్లూ అన్నానికి లోటు రాలేదు గానీ, అది నా చేతికి వచ్చేసరికి కొనేవాళ్లు కరువై, మా వీధిలో మగ్గాలు ఒక్కటొక్కటిగా మూలపడ్డాయి. ఇద్దరు ఆడపిల్లల తండ్రిని, నలభయ్యో పడిలో ఏం చెయ్యాలో తోచక తిరుగుతుంటే, మా బావగారు ఈ హాల్టు ఏజెన్సీ సంగతి మోసుకొచ్చారు. అది ఉద్యోగమేమీ కాదండీ. దగ్గర్లోని పెద్ద స్టేషనులో ముందుగా డబ్బు కట్టి టికెట్లు తెచ్చుకోవాలి, హాల్టులో అమ్ముకోవాలి, దాని మీద వచ్చే కమిషనే మన బతుకు. యూనిఫారం లేదు, జీతం లేదు, పింఛను అసలే లేదు. అయినా మా ఆవిడ చుట్టాలందరికీ మా ఆయన రైల్వేలో ఉన్నారనే చెప్పుకుంది, నేనూ ఎన్నడూ కాదనలేదు.

ఆ హాల్టు ఏలూరుకీ గూడేనికీ మధ్య ఉండేది. ఊరి పేరు ఇక్కడ రాయను, రాసినా ఇప్పుడు టికెట్టు దొరకదు. ఒక రేకుల గది, చువ్వల కిటికీ, ఎండకు కాలి వానకు తడిసే సిమెంటు బల్ల ఒకటి, అంతే. రోజుకి అటొక ప్యాసింజరు, ఇటొక ప్యాసింజరు పొద్దున ఇంచుమించు ఒకే వేళకి ఆగేవి, సాయంత్రం మళ్లీ అవే తిరిగొచ్చేవి. మధ్యలో ఎక్స్‌ప్రెస్సులు మా గది రేకులు అదరగొడుతూ పోయేవి. దక్షిణం వైపు నుంచి కొల్లేటి పల్లెలవాళ్లు గట్టు దారిన నడిచీ, సైకిళ్ల మీదా, వానాకాలం దోనెల మీదా వచ్చి రైలెక్కేవారు. చేపల వాసన నా చొక్కాలకు ఎంతగా పట్టేసిందంటే, ఏలూరులో ఇంటికి చేరగానే స్నానానికి నీళ్లు తోడి పెట్టాకే మా ఆవిడ నాతో మాట కలిపేది.

అక్కడి జనం టికెట్టు అడిగే తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఏ ఊరికి కావాలో ఒక్కరూ చెప్పేవారు కాదు, ఏ పనికి వెళుతున్నారో చెప్పేవారు. పెద్దాసుపత్రికి ఒకటి అంటే ఏలూరు. ఉల్లిపాయలకి రెండు అంటే గూడెం. మా ఆడపడుచుకి ఒకటి అన్న మనిషికి ఏ స్టేషను టికెట్టు చించాలో కొత్తలో తెలియక బుర్ర గోక్కునేవాణ్ణి, తర్వాత్తర్వాత ఎవరి ఆడపడుచు ఎక్కడుందో, ఎవరికి ఎవరితో మాటల్లేవో అన్నీ నోటికొచ్చాయి. పిల్లలకి హాఫ్ టికెట్టంటే అట్టను మూలగా కత్తిరించి ఇచ్చి, ఆ ముక్కని నేను దాచుకోవాలి. పన్నెండేళ్లు నిండిన మనవణ్ణి చంకనెత్తుకుని హాఫ్ అడిగిన ముసలమ్మగారు ఒకావిడ ఉండేవారు, వాడి కాళ్లు నేలకి తగులుతున్నా సరే దించేవారు కాదు. అన్నిటికంటే పెద్ద తగువు కనీస చార్జీ దగ్గర వచ్చేది. పక్క స్టేషనులో దిగినా అదే డబ్బు, దాని అవతలి స్టేషనులో దిగినా అదే డబ్బు. సగం దూరంలో దిగిపోయేవాళ్ల దగ్గర సగం పుచ్చుకోవడానికి సర్కారుకేం పోయిందండీ అని నన్ను నిలదీసేవారు, ఆ చార్జీ నేనే పెట్టినట్టు.

వాళ్లందరిలో చేపల పిన్నిగారు వేరు. నాకంటే పదేళ్లు పెద్దావిడ, రోజూ పొద్దున ఏలూరు మార్కెట్టుకి చేపల గంప వేసుకుని వెళ్లేవారు. మాట మెత్తన, మనిషి గట్టి. గంపకి లగేజీ కట్టాలని నేనంటే, నీళ్లలో చేపకి బరువుండదు కదండీ అని నవ్వేసి, నేను ముఖం ముడుచుకున్నాక కట్టేవారు. భర్త పోయాక ఆ గంపతోనే పెద్దపిల్లకి పెళ్లి చేశారు, చిన్నపిల్లని ఏలూరులో డిగ్రీలో చేర్చారు. వాళ్ల పల్లె నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల అది. తల్లీ కూతుళ్లు ఒకే రైలెక్కి ఏలూరు పోయేవారు, గంప వాసన తగలకుండా పిల్ల అవతలి పెట్టెలో ఎక్కేది. అది సిగ్గుతో కాదండోయ్, పుస్తకాలకి వాసన పడుతుందని తల్లే అలా పంపేవారు. ఆ పల్లెకి బస్సు లేదు, హాస్టలుకి డబ్బు లేదు. రైలుంటేనే ఆ పిల్ల చదువు.

సరస్సుని కాపాడాలని సర్కారు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది మీకు గుర్తుండే ఉంటుంది. కొల్లేరు బాగుపడాలన్నది న్యాయమే కావచ్చు, ఆ వాదనలోకి నేను దిగను. నా కిటికీ లోంచి చూసింది చెబుతాను. చెరువుల మీద కూలికి పోయేవాళ్లు పనుల్లేక కుటుంబాలతో వలసపోయారు, గంపలు తగ్గాయి, ఉల్లిపాయలకి రెండు అనేవాళ్లు ఒకటితో సరిపెట్టుకున్నారు, ఆడపడుచుల ఇళ్లకి రాకపోకలు మానేశారు. ఆ వేసవికే నా అమ్మకం సగానికి పడిపోయింది. టికెట్లు తెచ్చుకోవడానికి పెద్ద స్టేషనుకి వెళితే అక్కడి బుకింగు గుమాస్తా మంచివాడు, చెవిలో వేశాడు. ఇలాగే ఉంటే మీ హాల్టులో రైలాపడం మానేస్తారండీ, పైనుంచి లెక్కలు అడుగుతున్నారండీ అని. పిన్నిగారి అమ్మాయి రోజూ ఎక్కుతుంది కదా అందామంటే, దాని స్టూడెంట్ సీజను టికెట్టు పెద్ద స్టేషనులో తీసుకున్నది, మా హాల్టు లెక్కలోకి రానే రాదు.

కడుపులో దాచుకోలేక ఆ సంగతి మర్నాడు పిన్నిగారికి చెప్పాను. ఆవిడ గంప దించి బల్ల మీద కూర్చుని, ఎన్ని టికెట్లు తెగితే రైలు ఆగుతుందండీ అని అడిగారు. నాకు తెలియదన్నాను. రైలు రాగానే ఎక్కి వెళ్లిపోయారు. రెండు రోజులు గడిచాక పొద్దున్నే కిటికీ తెరిచేసరికి బయట ఆడవాళ్ల వరస ఒకటి నిలబడి ఉంది, ఒక్కరి చేతిలోనూ సంచీ లేదు, నెత్తిన గంప లేదు. అందరికంటే ముందు, తన గంపతో, పిన్నిగారే ఉన్నారు. ఏలూరుకి తన టికెట్టు తీసుకున్నాక ఇంకో చేత్తో చిల్లర పెట్టారు.

"రైలుకి ఒకటి ఇవ్వండి, సాయిబుగారూ."

ఎక్కడికని అడిగాను. ఎక్కడికీ కాదండీ, రైలుకే అన్నారు. వెనకాలున్న వాళ్లందరూ అదే మాట. ఎక్కి ఎక్కడికైనా పోదామంటే సాయంత్రందాకా తిరుగు రైలు లేదు, ఒక రోజు కూలి పోతుంది. అందుకని ఇంటింటికీ వంతు వేసుకుని, వంతొచ్చిన ఇంటివాళ్లు వచ్చి టికెట్టు కొని, రైలు ఆగి కదిలేదాకా నిలబడి చూసుకుని, పొలానికి పోయేవారు. ఎక్కకపోయినా టికెట్టు కొనకూడదని ఏ రూల్లోనూ లేదని నాకు నేనే నచ్చజెప్పుకుని ఇచ్చాను. ఆ టికెట్లు కొందరు కొప్పులో దోపుకునేవారు, కొందరు గోడకి అంటించేవారు, పిల్లలు పేకముక్కలు చేసుకుని ఆడేవారు. ఒకటి మాత్రం మా ఎవ్వరికీ తట్టలేదు. పాపం అందరూ కొన్నది పక్క స్టేషనుకే, కనీస చార్జీకే. కూలి డబ్బుల్లోంచి అంతకన్నా ఎలా పెడతారండీ.

దాంతోనే దొరికిపోయాం. అమ్మకం పెరిగిందని నేను సంబరపడుతుండగా, పైన లెక్కలు చూసేవాళ్లకి పక్క స్టేషనుకి ఉన్నట్టుండి అంత జనం ఎందుకు పోతున్నారో అర్థం కాలేదు. అక్కడ వాకబు చేస్తే, మా హాల్టు నుంచి వచ్చి దిగేవాళ్లే కనబడటం లేదన్నారు. ఒక పొద్దున ఇన్‌స్పెక్టరు గారొకరు చెప్పాపెట్టకుండా వచ్చి బల్ల మీద కూర్చున్నారు. చిన్న వయసు, మర్యాదస్థుడు. నేను ఇచ్చిన టికెట్లన్నీ చూశారు, రైలెక్కినవాళ్లని చూశారు. కిటికీ ముందు వరస కట్టిన ఆడవాళ్లు ఆ పక్కనే నిలబడి రైలుకేసి చూస్తున్నారు. కమిషను కోసం నేనేదో మాయ చేస్తున్నానని ఆయన మొదట అనుకున్నట్టుంది, నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా అడిగారు. రైలెక్కబోతున్న పిన్నిగారు అది చూసి గంపతో సహా వెనక్కి వచ్చారు, రైలు వెళ్లిపోయింది. మేమే కొంటున్నామండీ, సాయిబుగారికేం తెలియదండీ అంటూ ఉన్నదున్నట్టు చెప్పేశారు.

ఆయన చెప్పలేక చెప్పినట్టు అన్నారు, "అమ్మా, రైలు ఆగేది టికెట్లకి కాదండీ, ఎక్కే మనుషులకి."

"మనుషులం ఇక్కడే ఉన్నాం కదండీ," అన్నారు పిన్నిగారు.

ఆయన నా మీద ఏ మచ్చా రాకుండా రాసుకుని వెళ్లారు, ఆ పాటి మేలు చేశారు. కానీ ఆ టికెట్లు ప్రయాణాల కిందికి రావని తేలిపోయింది. అవి తీసేస్తే మిగిలినది హాల్టు నిలవడానికి చాలలేదు. ఆ రోజు పిన్నిగారి గంపలో చేపలు మధ్యాహ్నానికి మెత్తబడిపోయాయి. నాకూ ఇంత పెట్టబోయారు గానీ నాకు చెయ్యి రాలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక హాల్టు ఎత్తేస్తున్నట్టు ఆర్డరు వచ్చింది. చివరి రోజు పొద్దున నేను మామూలుగానే కిటికీ తెరిచాను, ఎవరొస్తారులే అనుకుంటూ. వచ్చారండీ, పల్లె పల్లెంతా వచ్చింది. వంతులు లేవు, ఇంటిల్లిపాదీ వచ్చారు, చంకన మనవణ్ణి మోసే ముసలమ్మగారితో సహా. అందరూ పక్క స్టేషనుకే తీసుకున్నారు, కానీ ఈసారి ఎవ్వరూ నిలబడి చూడలేదు. అందరూ ఎక్కారు. ఇంతమందిని చూసి గార్డుగారు ఏమిటీ జాతర అని నన్ను అడిగారు. పక్క స్టేషనులో దిగి, పొలం గట్ల వెంట మాట్లాడుకుంటూ వెనక్కి నడిచొచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఒక పూట కూలి పోయిందని ఒక్కరూ అనలేదు. ఆ రోజు నేనమ్మిన టికెట్లకీ ఎక్కిన మనుషులకీ సరిగ్గా సరిపోయింది. లెక్క చూసే మనిషే రాలేదు.

తర్వాత నేను ఏలూరులో ఒక బట్టల కొట్టులో చేరాను, ఎలాగోలా పిల్లల పెళ్లిళ్లు అయ్యాయి. పిన్నిగారి అమ్మాయి కొన్నాళ్లు తల్లితో కలిసి సైకిలు మీద పెద్ద స్టేషనుదాకా వెళ్లి రైలెక్కిందట. మరుసటి ఏడు వానలకి గట్టు దారి మునిగిపోయి, పరీక్షలు తప్పి, డిగ్రీ మధ్యలో వదిలేసింది. చదువుకి పోవడానికి ఒక్క బస్సు రాని ఆ పల్లెకి, రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీవాళ్ల బస్సు మాత్రం రోజూ ఇంటి ముందుకే వచ్చేది. ఆ పిల్ల అందులో ఎక్కింది. ఇదంతా పిన్నిగారే ఏలూరు మార్కెట్టులో కనబడ్డప్పుడు చెప్పారు. నా మీద ఆవిడకి కోపమేమీ లేదు, వద్దన్నా వినకుండా ఒక కొరమీను కాగితంలో చుట్టిచ్చారు. తర్వాత నేను మార్కెట్టుకి వెళ్లినా ఆ చేపల వరసలోకి పోలేకపోయేవాణ్ణి. ఆవిడ పోయారన్న కబురు కూడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు టికెట్టు కొనడం ఎంత సుఖమో మా అమ్మాయి నాకు అరగంటసేపు బోధించింది. గడప దాటక్కర్లేదు, చిల్లర వెతుక్కోనక్కర్లేదు, ఏ పనికి వెళుతున్నామో కిటికీలోని మనిషికి చెప్పుకోనక్కర్లేదు. నిజమే, కాదనను. ఆ రోజుల్లో ఇదే ఉండుంటే పల్లె పల్లెంతా తమ తమ ఇళ్లలో కూర్చుని రోజుకొకటి కొనేది, ఎవరు ఎక్కారో ఎవరు ఎక్కలేదో బల్ల మీద కూర్చుని చూసే అవసరం ఎవరికీ వచ్చేది కాదు. ఆ పిల్ల డిగ్రీ పూర్తయ్యేదాకా అయినా రైలు ఆగేదేమో. ఇప్పుడు కొనడం ఇంత తేలికయ్యాక చూస్తే, కొనడానికి ఆ ఊరు లేదు.

చల్లారిన టీ తాగేసి గూడేనికి ఒకటి తియ్యమన్నాను. డబ్బు కట్టాక, మీకింకేమైనా టికెట్టు కావాలా అని అమ్మాయి అడిగింది. రైలుకి ఒకటి అని నోటిదాకా వచ్చింది. ఎవరు వెళ్లడానికని అది అడుగుతుంది, నేను చెప్పలేను. ఏమీ వద్దమ్మా అన్నాను.